బారెడు పొద్దెక్కాకే బయలుదేరండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. వారమంతా నాలుగు గోడల మధ్య కూర్చుని పనిచేస్తారు. చలికాలంలో సెలవు దొరికి ఆకాశం నిర్మలంగా ఉంటే, ఊరు దాటి పొలాల మధ్య నడవాలని మనసు లాగుతుంది. చీకటితోనే లేచి బయలుదేరుతారు. మొదటి గంటలో వేళ్లు కొంకర్లు పోతాయి. రెండో గంటకు లోపలి బట్టలు చెమటతో తడుస్తాయి. కాసేపు కూర్చుందామంటే వణుకు పట్టుకుంటుంది. అనుకున్న 15 కిలోమీటర్లు పూర్తి చేయాలన్న పట్టుదలతో చివరి భాగం మసక చీకట్లో నడిచి ఇంటికి చేరతారు. "అందరూ ఇంత ఇష్టంగా చెప్పుకునే నడక నాకు శిక్షలా ఎందుకుంది? బట్టల వల్లనా, ఒంటరిగా వెళ్లడం వల్లనా, లేక నాకే ఓపిక లేదా?" అని అడిగారు.

ఓపిక లేనివారు అంత చలిలో 15 కిలోమీటర్లు నడవలేరు. లోపం మీలో లేదు, మీరు పెట్టుకున్న లెక్కలో ఉంది. నా జవాబు ముందే చెప్పేస్తాను: చలికాలపు నడకను దూరంతో కొలవకండి, ఎండతో కొలవండి. బారెడు పొద్దెక్కాక బయలుదేరండి. మొత్తం మూడు గంటలు దాటనివ్వకండి. వెళ్లేటప్పుడు గాలికి ఎదురు వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు గాలి వీపుకు తగిలేలా దారి ఎంచుకోండి. మధ్యలో గాలి సోకని ఎండపట్టు చూసుకుని కనీసం ఇరవై నిమిషాలు కూర్చోండి. పొద్దు గూకడానికి గంట ముందే తిరిగి చేరండి. ఈ ఐదింటిలో ఏ ఒక్కటి మార్చుకున్నా కొంత తేడా తెలుస్తుంది, అన్నీ మార్చుకుంటే అది వేరే నడక అవుతుంది.

నేను పాతికేళ్లుగా సెలవు దొరికిన ప్రతి చలికాలపు రోజూ నడుస్తున్నాను. గత పన్నెండేళ్లుగా ఆరేడుగురు చొప్పున కొత్తవాళ్లను వెంట తీసుకెళ్తున్నాను. మీరు రాసిన ఇబ్బందులన్నీ వాళ్లలో చాలామంది నోట విన్నవే. అందుకే ఒక్కొక్కటీ ఎందుకు జరుగుతుందో చెప్పాలనిపించింది. కారణం తెలిస్తే మీ ప్రాంతానికి, మీ ఒంటికి తగినట్టు మీరే సర్దుకోగలరు.

మొదట వేళ సంగతి. "బారెడు పొద్దెక్కేదాకా పడుకున్నాడు" అనేది మన దగ్గర తిట్టు. వేసవిలో ఆ తిట్టు న్యాయమే. చలికాలంలో మాత్రం నడకకు సరైన ముహూర్తం అదే. రాత్రంతా నేల తన వేడిని ఆకాశంలోకి వదులుతూ ఉంటుంది. మబ్బు ఉంటే ఆ వేడిలో కొంత వెనక్కి వస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉంటే అడ్డు లేక వెళ్లిపోతుంది. పగలు మంచి ఎండ కాసే రోజులకు ముందు రాత్రులు అంత చల్లగా ఉండేది అందుకే. సూర్యుడు పైకి వచ్చిన వెంటనే ఈ నష్టం ఆగదు. మొదటి కిరణాలు ఇచ్చే వేడి కంటే నేల వదిలే వేడే ఇంకా ఎక్కువగా ఉంటుంది. కాబట్టి రోజు మొత్తంలో అతి చల్లని సమయం అర్ధరాత్రి కాదు, సూర్యోదయం వేళ, ఆ తరువాత కాసేపు. మీరు సరిగ్గా ఆ వేళకే పొలంలో అడుగుపెడుతున్నారు.

ఇంకొకటి గమనించండి. వాతావరణ సూచనలో చెప్పే ఉష్ణోగ్రతను నేలకు ఒకటిన్నర మీటరు, రెండు మీటర్ల ఎత్తున, నీడపట్టున కొలుస్తారు. నిర్మలమైన రాత్రి గడ్డి మీద చలి అంతకంటే ఎక్కువగా ఉంటుంది. సూచనలో 3 డిగ్రీలు అని ఉన్నా గడ్డిపరకల మీద తేమ గడ్డకట్టి తెల్లగా మెరుస్తూ ఉండవచ్చు. మీ చెప్పులూ కాళ్లూ ఉండేది ఆ చలిలోనే.

సూర్యోదయం చూడాలన్న కోరిక ఉంటే కాదనను. గడ్డి మీద మంచు ముత్యాలు, పొగమంచులోంచి ఒక్కొక్క చెట్టే పైకి తేలడం, ఇవి ఉదయమే దొరుకుతాయి. దానికి విడిగా అరగంట వెళ్లి, చూసి, ఇంటికి వచ్చి వేడిగా ఏదైనా తాగి, పొద్దెక్కాక అసలు నడకకు వెళ్లండి. రెండింటినీ కలిపితే రెండూ చెడతాయి.

తొందరగా బయలుదేరడానికి ఒక్క మంచి కారణం ఉంది. రేగడి నేల, బురద దారి అయి, రాత్రి చలి గడ్డకట్టేంతగా ఉంటే, ఉదయం ఆ బురద రాయిలా బిగిసి నడవడానికి హాయిగా ఉంటుంది. ఎండ తగిలి కరిగాక మధ్యాహ్నం అదే దారి అడుగు తీసి అడుగు వేయనివ్వదు. అటువంటి చోట కొంచెం ముందు వెళ్లి, బురద భాగాన్ని మొదటే దాటేసి, తిరిగి రావడానికి గట్టి నేల ఉన్న దారి చూసుకోండి.

ఇక ఎక్కడ నడవాలన్నది. చాలామంది వాగు పక్కనే, చెరువు ఒడ్డునే నడక మొదలుపెడతారు. అందంగా ఉంటుంది కాబట్టి. కానీ చల్లటి గాలి వెచ్చటి గాలి కంటే బరువు. రాత్రంతా అది వాలు వెంట నీళ్లలాగే కిందికి జారి పల్లాల్లో నిలుస్తుంది. పొగమంచు కూడా అక్కడే ఎక్కువసేపు కూర్చుంటుంది. పొగ ఉంటే అదీ ఆ చల్లటి గాలి పొరలోనే చిక్కుకుంటుంది. ఒక చలికాలం ఉదయం మేం తొమ్మిదింటికి వాగు పక్కన నిలబడి ఉన్నాం. పది అడుగుల అవతల ఏముందో తెలియడం లేదు. ఒకరిద్దరు వెనక్కి పోదామన్నారు. పక్కన చిన్న మెట్ట ఉందని నాకు తెలుసు, "ఒక్క పావుగంట ఎక్కుదాం" అని బతిమాలాను. అరవై డెబ్బై మీటర్లు ఎక్కామో లేదో, తల మీది తెలుపు పలచబడి నీలంగా మారింది. మరో పది అడుగులకు ఎండలోకి వచ్చేశాం. కింద మంచు పాలసముద్రంలా పరుచుకుని ఉంది. అందులోంచి చెట్ల చివరలు మాత్రమే కనిపిస్తున్నాయి. అక్కడ గాలి కింది కంటే వెచ్చగా కూడా ఉంది. ఆ రోజు వెనక్కి పోదామన్నవాళ్లే అక్కడినుంచి కదలడానికి ఇష్టపడలేదు.

అందుకని ఉదయం వాలు మధ్యన, మధ్యాహ్నం పల్లంలో అన్నది నా పద్ధతి. మొదట కొంచెం ఎత్తుగా ఉన్న దారి పట్టండి. పల్లంలోని మంచు విడిపోయాక కిందికి దిగి వాగు పక్కగా తిరిగి రండి. ఉత్తరార్ధగోళంలో ఉన్నవారికి దక్షిణం వైపు వాలిన నేల వెచ్చగా ఉంటుంది, ఉత్తరం వైపు వాలిన నేల మీద రాత్రి మంచు రోజంతా అలాగే ఉండిపోవచ్చు. దక్షిణార్ధగోళంలో ఉంటే ఇది తారుమారు. మ్యాపులో ఈ ఒక్క విషయం చూసుకుని దారి ఎంచుకుంటే సగం పని అయిపోయినట్టే.

అదే చల్లటి పొర వల్ల మరో విచిత్రం ఉంది. కింద చల్లగా, పైన వెచ్చగా గాలి ఉన్నప్పుడు శబ్దం పైకి పోయి చెదిరిపోకుండా నేలవైపు వంగి వస్తుంది. అందుకే చలి ఉదయాల్లో దూరపు రైలు కూత, ఎక్కడో కుక్క మొరగడం, అవతలి ఒడ్డున మనుషుల మాటలు పక్కనే ఉన్నట్టు వినిపిస్తాయి. చెవులకు తొడుగు పెట్టుకుంటే ఇది పోతుంది. మరీ కొరికే చలి లేకపోతే అప్పుడప్పుడు తీసి వినండి.

ఎండ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఈ నడక అంతా దాని కోసమే కాబట్టి. భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదటి రోజుల్లో, దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. జూలై మొదట్లో ఆ దూరం సుమారు 15.2 కోట్లు. అయినా ఉత్తరాన చలికాలం జనవరిలోనే ఉండడానికి కారణం దూరం కాదు, భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉండడం. ఆ వంపు వల్ల సూర్యుడు చలికాలంలో ఆకాశంలో కిందుగా ప్రయాణిస్తాడు. లెక్క సులువే: 90 లోంచి మీ అక్షాంశాన్నీ ఆ 23.5నీ తీసేస్తే దిగంతం నుంచి సూర్యుడి ఎత్తు వస్తుంది. డిసెంబరు 21 ప్రాంతంలో, మీరు ఉత్తర అక్షాంశం 20 డిగ్రీల దగ్గర ఉంటే మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 46.5 డిగ్రీలు, మీ నీడ దాదాపు మీ అంత పొడవు. 50 డిగ్రీల దగ్గర ఉంటే సూర్యుడి ఎత్తు 16.5 డిగ్రీలే, నీడ మీ ఎత్తుకు మూడింతల పైమాటే.

వేసవి మధ్యాహ్నం వెలుగు నడినెత్తిన పడి అన్నింటినీ చదును చేసేస్తుంది. చలికాలపు వెలుగు పక్కనుంచి వస్తుంది. దున్నిన చాలు ప్రతిదానికీ ఒక వెలుగు అంచు, ఒక నీడ అంచు ఉంటాయి. చెట్టు బెరడు గరుకు, రాతి మీది నాచు, గట్టు మీద ఎప్పుడో పడిన బండిచక్రాల జాడ, అన్నీ పైకి లేచి కనిపిస్తాయి. వేసవిలో ఉదయం, సాయంత్రం మాత్రమే దొరికే నీరెండ చలికాలంలో, ముఖ్యంగా ఉత్తరానికి పోయేకొద్దీ, దాదాపు పగలంతా దొరుకుతుంది. గాలి పొడిగా, తేటగా ఉన్న రోజున ఆకాశం నీలం కూడా చిక్కగా ఉంటుంది. గాలి అణువులు నీలపు వెలుగును ఎక్కువగా చెదరగొడతాయి కాబట్టి ఆకాశం నీలంగా కనిపిస్తుంది. తేమ, దుమ్ము ఎక్కువైతే వాటి తెలుపు కలిసి ఆ నీలం వెలిసిపోతుంది.

ఈ వెలుగును చూడాలంటే సూర్యుడికి ఎదురుగా నడవకూడదు. కిందుగా ఉన్న సూర్యుడు కళ్లలోకి కొడతాడు, మీరు తల దించుకుని బూట్లు చూస్తూ నడుస్తారు. సూర్యుడు ఒక పక్కన ఉంటే ఆకారాలు బాగా తెలుస్తాయి. వెనక ఉంటే రంగులు బాగా తెలుస్తాయి. దారి ఎంచుకునేటప్పుడు దిక్కు కూడా చూసుకోండి.

అయితే ఎండకూ గాలికీ పొత్తు కుదరని రోజులుంటాయి. అప్పుడు గాలి మాటే వినండి. ఒంటి చుట్టూ సన్నని వెచ్చటి గాలి పొర ఎప్పుడూ ఉంటుంది. వీచే గాలి దాన్ని ఊడ్చుకుపోతుంది. 2001 నుంచి అమెరికా, కెనడాలు వాడుతున్న లెక్క ప్రకారం 0 డిగ్రీల చలిలో గంటకు 20 కిలోమీటర్ల గాలి వీస్తే ముఖానికి అది మైనస్ 5 లాగా తగులుతుంది. మొదటి సగంలో ఒంట్లో సత్తువ ఉంటుంది, బట్టలు పొడిగా ఉంటాయి. కాబట్టి ఎదురుగాలిని అప్పుడే భరించాలి. అలసి, కొంచెం చెమట పట్టి తిరిగి వచ్చేటప్పుడు గాలి ముఖాన కొడితే చలి ఎముకల్లోకి దిగుతుంది. మీ చివరి గంట కష్టమంతా ఇదే అయి ఉంటుందని నా అనుమానం.

ఈదురుగాలి రోజున డొంక దారులు వెతుక్కోండి. రెండు వైపులా పొదలు, కంచెలు ఉన్న బండి బాట గాలిని ఆపి ఎండను ఆపదు. చెట్ల వరుస తన ఎత్తుకు దాదాపు పదింతల దూరం వరకు వెనుకవైపు గాలిని తగ్గిస్తుంది. అంటే మూడు మీటర్ల పొదల వరుస ముప్ఫై మీటర్ల వరకు మీకు కాపు. పూర్తిగా మూసుకుపోయిన గోడ కంటే కాస్త సందులున్న పొదలే నయం. గోడ దాటిన గాలి అవతల సుడి తిరుగుతుంది, పొదల్లోంచి వచ్చే గాలి నెమ్మదిస్తుంది.

బట్టల గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. మీ చెమటకు కారణం ఇంట్లోంచే వెచ్చగా బయలుదేరడం. గుమ్మం దాటిన మొదటి పది నిమిషాలు కొంచెం చలి వేయాలి. వేయకపోతే బట్టలు ఎక్కువైనట్టు లెక్క. నడిచేటప్పుడు కండరాలు చాలా వేడి పుట్టిస్తాయి, అది కొద్దిసేపటికే తెలుస్తుంది. మందపాటి కోటు ఒకటి కాకుండా పలచటివి మూడు వేసుకోండి. ఒంటికి తగిలేది నూలు కాకూడదు. నూలు చెమటను పీల్చి పట్టుకుని కూర్చుంటుంది, నీరు గాలి కంటే పాతికరెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా తడిగా అనిపించదు. ఉన్ని పడనివారికి వ్యాయామానికి వాడే కృత్రిమ దారపు బట్టలు సరిపోతాయి.

నేను కొత్తవాళ్లకు పదే పదే చెప్పే మాట ఒకటే. చెమట పట్టకముందే విప్పండి, చలి వేయకముందే తొడుక్కోండి. ఎక్కుడు మొదలయ్యే చోట ఆగి ఒక పొర తీసేయండి. కూర్చోవడానికి ఆగిన క్షణమే, ఇంకా వెచ్చగా ఉండగానే, సంచిలోని కోటు తీసి వేసుకోండి. వణుకు మొదలయ్యాక వేసుకుంటే అది మిమ్మల్ని వేడెక్కించదు, ఉన్న కాస్త వేడినే కాపాడుతుంది.

వేళ్లు కొంకర్లు పోవడానికి మందు చేతుల్లో మాత్రమే లేదు. ఒంటి మధ్యభాగం చల్లబడుతోందని తోచగానే శరీరం చేతులకూ కాళ్లకూ వెళ్లే రక్తనాళాలను బిగిస్తుంది. గుండె, ఊపిరితిత్తులు ముందు, వేళ్లు తరువాత. అందువల్ల చేతులు చల్లబడితే ఛాతీ మీద ఇంకో పొర వేసి, పది నిమిషాలు చురుకుగా నడిచి చూడండి. వేళ్లలోకి వెచ్చదనం దానంతటదే దిగుతుంది. వేటికవి విడిగా ఉండే గ్లవుజుల కంటే నాలుగు వేళ్లూ ఒకే అరలో ఉండేవి వెచ్చన. కాళ్లకు రెండు జతల మేజోళ్లు బిగించి తొడిగేవాళ్లను చూస్తుంటాను. బూటు ఇరుకై రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. తల ద్వారానే ఒంటి వేడి సగం పోతుందని చెప్పుకునే మాట నిజం కాదు. తల శరీర ఉపరితలంలో దాదాపు పదోవంతు, పోయే వేడి కూడా సుమారుగా అంతే. టోపీ పెట్టుకోవాల్సిందే, కానీ టోపీ ఉంది కదా అని మిగతా ఒంటిని వదిలేయకండి.

ఇప్పుడు నాకు అన్నింటికంటే ముఖ్యమైన సంగతి: కూర్చోవడం. మీ లేఖలో నడిచిన కిలోమీటర్లు ఉన్నాయి, కూర్చున్న చోటు ఒక్కటీ లేదు. మా బృందంలో ఒకామె మొదటి రెండు చలికాలాలు ప్రతి నడకలో అందరికంటే ముందుండేవారు, చేతి గడియారంలో అడుగులు చూసుకుంటూ. ఒక రోజు ఆమె మడమ ఒరుసుకుపోయింది. మిగతావాళ్లం కొండ ఎక్కి వచ్చేదాకా ఆమెను, తోడుగా మరొకరిని పాత రాతిగోడ పక్కన ఎండలో కూర్చోబెట్టి వెళ్లాం. ముప్పావు గంటకు తిరిగి వచ్చేసరికి ఆమె మాకు వేలు చూపించి మాట్లాడవద్దన్నారు. గోడకు కాస్త దూరంలో మోడు కొమ్మ మీద ఒక చిన్న పిట్ట బంతిలా ఉబ్బి, ఒంటికాలి మీద నిలబడి ఎండ కాచుకుంటోంది. "ఇది వచ్చి అరగంటైంది, నేను ఇక్కడ ఉన్నానని దానికి తెలుసు" అన్నారు. అప్పటినుంచి ఆమె సంచిలో ఒక చాప ముక్క ఉంటుంది.

పిట్టలు అలా ఉబ్బేది ఈకల మధ్య గాలిని బంధించి వెచ్చగా ఉండడానికి. ఒక కాలు ముడిచి ఈకల్లో దాచుకునేది, ఈకలు లేని కాలి గుండా పోయే వేడిని తగ్గించుకోవడానికి. అవి చేస్తున్నది మనం చేయాల్సినదే: గాలి పొరలు, ఎండపట్టు, కదలకుండా ఉండడం.

కూర్చునే చోటు ఎంచుకోవడం ఒక నేర్పు. సూర్యుడి వైపు ముఖం, వెనక గోడో బండో పొదో ఉండాలి. రాయి ఉదయంనుంచి ఎండ తాగి ఉంటే వీపుకు వెచ్చగా తగులుతుంది. కింద మడిచిన చాప, దళసరి అట్ట, ఏదో ఒకటి తప్పనిసరిగా వేసుకోండి. చల్లటి నేల నేరుగా ఒంటి వేడిని పీల్చేస్తుంది, మీరు కూర్చోగానే వణికింది దీనివల్లే. కోటు తొడుక్కోండి, సీసాలోని వేడి పానీయం తీయండి, ఫోను లోపలి జేబులోనే ఉంచండి. మొదటి ఐదు నిమిషాలు ఏమీ జరగదు. మీ అడుగుల చప్పుడుకు నోరు మూసుకున్నవన్నీ పది నిమిషాల తరువాత మళ్లీ మొదలవుతాయి. ఆకులు రాల్చే చెట్లున్న చోటైతే వేసవిలో కనిపించని గూళ్లన్నీ ఇప్పుడు బయటపడతాయి. కొమ్మలు చీలే తీరు చూసి ఏ చెట్టో పోల్చుకోవచ్చు. మోడులా ఉన్న కొమ్మ చివర వచ్చే వసంతపు మొగ్గ ఇప్పటికే బిగిసి ఉండడం దగ్గరికి వెళ్లి చూడండి. చాలా చెట్లకు ఆ మొగ్గలు ఆకు రాలకముందే తయారై ఉంటాయి.

వారమంతా గదిలో ఉండే మీలాంటివారికి వెలుగు కూడా ఒక అవసరం. వెలుగును లక్సుల్లో కొలుస్తారు. మామూలు గది వెలుగు కొన్ని వందల లక్సులు. మబ్బు పట్టిన పగలు కూడా ఆరుబయట వేలల్లో ఉంటుంది, ఎండలో పదివేలు దాటి ఇంకా పైకి పోతుంది. మన నిద్ర, మెలకువల గడియారం ఆ వెలుగును చూసే సర్దుకుంటుంది. చలికాలంలో పగటి వెలుగు తగ్గడం వల్ల కొందరికి వచ్చే దిగులు జబ్బును మానసిక వైద్యుడు నార్మన్ రోసెంతాల్, ఆయన సహచరులు 1984లో వివరించారు. నడక దానికి చికిత్స అని నేను అనను. ఆ దిగులు వారాల తరబడి వదలకపోతే వైద్యుడి దగ్గరికే వెళ్లాలి. కానీ పగటి వెలుగులో రెండు గంటలు గడిపిన రోజు రాత్రి నాకు నిద్ర ఎలా పడుతుందో నాకు తెలుసు, మీరూ గమనించండి.

సమయం లెక్క ఇలా వేసుకోండి. స్కాట్లాండు పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. ఇది ఆగకుండా నడిచే గట్టివాళ్ల లెక్క. చూస్తూ, ఆగుతూ నడవడానికి నేను దీనికి సగం కలుపుతాను. అంటే మూడు గంటల్లో 8 కిలోమీటర్లు, అందులో కూర్చోవడం కూడా కలిసి. మీ 15 కిలోమీటర్లను వసంతానికి దాచుకోండి.

గడియారం చూడకుండా పొద్దు అంచనా వేయడానికి చేయి చాచి, నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టి, దిగంతానికీ సూర్యుడికీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూస్తారు. సూర్యుడిని నేరుగా చూడకుండా చేయండి. వేలికి పావుగంట అని చెబుతారు. ఇది సూర్యుడు ఏటవాలుగా దిగే ప్రాంతాలకు సరిపోతుంది. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ సూర్యుడు నిలువునా దిగుతాడు, అక్కడ వేలికి ఏడెనిమిది నిమిషాలకు మించి రావు, చీకటీ త్వరగా కమ్ముతుంది. పొద్దు గూకగానే ముందు చెప్పిన చల్లటి గాలి పల్లాల్లోకి దిగడం మొదలుపెడుతుంది కాబట్టి గంట ముందే చేరమంటున్నాను. సంచిలో చిన్న టార్చి మాత్రం ఎప్పుడూ ఉండాలి. ఫోను మీద ఆధారపడకండి, చలికి బ్యాటరీ శక్తి తగ్గిపోయి హఠాత్తుగా ఆగిపోవచ్చు.

కొన్ని జాగ్రత్తలు. ఉబ్బసం ఉన్నవారికి చల్లని పొడి గాలి శ్వాసనాళాలను బిగించవచ్చు. ముక్కుతో పీల్చండి, నోటికి మఫ్లరు అడ్డం పెట్టుకోండి, మందు దగ్గరుంచుకోండి. చలిలో రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది. గుండె జబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు వైద్యుడిని అడిగాకే వెళ్లాలి, మొదటి పావుగంట చాలా నెమ్మదిగా నడవాలి. ఎవరికైనా వణుకు ఆగకుండా, మాట ముద్దగా వస్తూ, అడుగు తడబడుతుంటే అది అలసట అని తోసిపుచ్చకండి. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కిందికి పడిపోతున్న గుర్తులు అవి. తడి బట్టలు మార్చి, గాలి తగలని చోటికి చేర్చి, సాయం పిలవాలి. గడ్డకట్టిన చెరువు ఎంత గట్టిగా కనిపించినా దాని మీద కాలు పెట్టకండి. నీడపట్టు మలుపుల్లో, వంతెనల మీద కనిపించని మంచు ఉంటుంది, అడుగు చిన్నగా వేయండి. దాహం వేయకపోయినా నీళ్లు తాగండి. చలిలో దాహం తెలియదు, నోటినుంచి పొగలా వచ్చే ప్రతి ఊపిరితోనూ నీరు బయటికి పోతూనే ఉంటుంది. నేల మీద మంచు పరిచి ఉంటే చలువ అద్దాలు అవసరం, తాజా మంచు అతినీలలోహిత కిరణాల్లో చాలా భాగాన్ని తిరిగి పైకి కొడుతుంది.

పొలాల్లో నడుస్తున్నామంటే ఒకరి కష్టం మధ్యలో నడుస్తున్నట్టు. గట్టు మీదే నడవండి, మొలక మీద కాదు. గేటు తెరిచి ఉంటే తెరిచే వదలండి, మూసి ఉంటే మీ వెనక మూయండి. పశువులున్న చోట కుక్కను తాడు వదలకండి. ఈ మూడూ పాటించినవాళ్లను అడ్డుకున్న రైతు నాకు దాదాపు తగల్లేదు.

చివరగా, ఒంటరిగానా తోడుతోనా అన్నారు. నాకు రెండూ ఇష్టమే, కానీ మీకు ఇప్పుడైతే ఒక్క తోడును తీసుకెళ్లమంటాను. ఇద్దరికంటే ఎక్కువైతే కబుర్లలో దారి తెలియకుండా పోతుంది. వెళ్లేటప్పుడు ఎంతైనా మాట్లాడుకోండి, తిరిగి వచ్చేటప్పుడు ఓ అరగంట మాట్లాడకుండా నడుద్దామని ముందే ఒప్పందం చేసుకోండి. అప్పటికి ఎండ పసుపు తిరిగి ఉంటుంది, గాలి మీ వీపున ఉంటుంది. ఒక్కరే వెళ్తే మాత్రం ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి. ఇంటికి రాగానే మొదట లోపలి బట్టలు మార్చుకోండి, కూర్చోవడం ఆ తరువాత.